చెఱకు మర్మము నరసిన జానకి అమ్మాళ్

గోదావరి యిసుకతిన్నెలపై పూచు రెల్లు మన చెఱకునకు జ్ఞాతి. ఈ రెండింటి సంకరమున 1918లో కోయంబత్తూరున వెలువడిన వంగడమునకు తీపితోడ దార్ఢ్యమును గలిగెను. ఆ బంధుత్వపు మూలమును శోధించినవారిలో జానకి అమ్మాళ్ అగ్రగణ్యులు.

ఈ విదుషి 1897లో కేరళమందలి తలశ్శేరిలో జన్మించిరి. 1931లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందిరి. స్త్రీలకు ప్రయోగశాలా ప్రవేశమే దుర్లభమైన ఆ దినములలో కోయంబత్తూరు చేరి, చెఱకును మొక్కజొన్నతో సంకరము చేసిరి. రెల్లు కణములందు వంశలక్షణములను మోయు క్రోమోజోములను లెక్కించిరి. మానవకణమున నవి 46. నేటి చెఱకున నూఱుకు మించును. 1945లో డార్లింగ్టను పండితునితో గూడి సాగుమొక్కల క్రోమోజోముల గ్రంథమును వెలువరించిరి. 1977లో పద్మశ్రీ నందిరి, 1984లో పరమపదించిరి.

నేటి చెఱకు జన్యుక్రమపు చిక్కుముడి విడి ప్రకటితమగుటకు 2024 వఱకు పట్టెను. రెల్లును పనికిరాని గడ్డియని త్రోసివేయు రైతు, తన బెల్లపు పెనమునకు అది చేసిన మేలును తలపవలయును.