పంటి పాచిలో ఊరిని చూసిన బట్టల వ్యాపారి

ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1632లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో పుట్టాడు. నాన్న బుట్టలు అల్లేవాడు, ఈయన చిన్నప్పుడే చనిపోయాడు. యూనివర్సిటీ చదువు లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల వ్యాపారం నేర్చుకుని, సొంత ఊళ్లో కొట్టు పెట్టుకున్నాడు.

ఖాళీ దొరికితే చిన్న చిన్న లెన్సులు చేసేవాడు. బతికినన్నాళ్లూ చేసినవి 500 పైనే. ఇప్పటికీ మిగిలిన వాటిలో ఒకటి వస్తువుని సుమారు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది. మంచి లెన్సులు ఎలా చేసేవాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు!

అప్పట్లో పండితుల భాష లాటిన్. ఈయనకి డచ్ తప్ప వేరే భాష రాదు. అయినా 1673 నుంచి చనిపోయేదాకా, అంటే 50 ఏళ్లు, లండన్ రాయల్ సొసైటీకి డచ్‌లోనే ఉత్తరాలు రాశాడు. నీటి చుక్కలో బోలెడు ప్రాణులున్నాయని 1676లో రాస్తే అక్కడివాళ్లు నమ్మలేదు. మరుసటి ఏడాది రాబర్ట్ హుక్ తన కళ్లతో చూసి, నిజమేనని తేల్చాడు. 1680లో ఈ బట్టల వ్యాపారిని సొసైటీ సభ్యుడిగా తీసుకున్నారు.

1683లో తన పళ్ల మధ్య పేరుకున్న తెల్లటి పాచిని గీకి లెన్సు కింద పెట్టాడు. అందులో కదిలే ప్రాణులు కనిపించాయి. రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషి నోట్లోనే అన్ని! వాటి మీద వెనిగర్ పోసి చూస్తే, విడిగా ఉన్నవి చచ్చాయి. పాచి లోపల దాక్కున్నవి మాత్రం బతికాయి.

ఇప్పుడు ఆస్పత్రుల్లో డాక్టర్లకి తలనొప్పిగా మారింది ఇదే. దీన్నే బయోఫిల్మ్ అంటున్నాం. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా మన చర్మం మీద మామూలుగానే ఉంటుంది. కాథెటర్ మీదకి చేరిందంటే కథ మారుతుంది. చాలా రకాల్లో ఐసీఏ అనే జన్యువుల గుంపు పని మొదలుపెట్టి, జిగురులాంటి చక్కెర పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఆ జిగురులో బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుపోతాయి. అప్పుడు యాంటీబయాటిక్ ఇచ్చినా చాలావరకు బతికిపోతాయి. చాలాసార్లు ఆ కాథెటర్ తీసేయడమే దారి.

లీవెన్‌హుక్‌కి జన్యువు అంటే తెలీదు. రోగాలకి ఈ ప్రాణులే కారణమనీ తెలీదు. 1723లో, 90 ఏళ్ల వయసులో, అదే ఊళ్లో కన్నుమూశాడు. సైన్స్ అంటే ఇంగ్లీషులోనే అని అలవాటైపోయిన మనకి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. చూసింది చూసినట్టు, వచ్చిన భాషలో రాశాడు. చదవాలనుకున్నవాళ్లే దాన్ని అనువదించుకున్నారు.