రాజుల ఆటలో రారాజు కొఠారి కనకయ్య

భారత టెస్టు క్రికెట్‌కు తొలి సారథి తెలుగువాడు. ఆ పదవిని ఒక సంస్థానాధీశుడు స్వచ్ఛందంగా అప్పగించగా, నాలుగేళ్ల తరువాత మరో రాజవంశీకుడు అందుకున్నారు. ఆ రెండో వ్యక్తి కూడా తెలుగువారే కావడం విచిత్రం.

సి.కె.నాయుడుగా ప్రసిద్ధికెక్కిన కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. తాత నారాయణస్వామి నాయుడు పేరున్న న్యాయవాది. 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై బరిలోకి దిగిన కనకయ్య, తొలి మూడు బంతులను ఆపి నాలుగో బంతిని సిక్సర్‌గా మలిచారు. 1923లో హోల్కర్ మహారాజు ఆయనను ఇందోర్‌కు పిలిపించి తన సైన్యంలో హోదా కల్పించారు. కల్నల్ అన్న పిలుపు అలా స్థిరపడింది.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై ఆడిన ఇన్నింగ్స్ ఆయన పేరును దేశమంతటా మార్మోగించింది. రెండు గంటలు నిండకముందే 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. ఇంగ్లండు జట్టువారే ముచ్చటపడి వెండి బ్యాటును బహూకరించారు. దొరలను వారి ఆటలోనే చితకబాదిన ఆ రోజు సామాన్య ప్రేక్షకులకు క్రికెట్‌ను మించిన సంబరమైంది.

నాటి క్రికెట్ మాత్రం రాజుల చేతిలోనే ఉండేది. 1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు పోరుబందరు మహారాజా నాయకుడు. తన ఆట సత్తా తనకు తెలిసిన ఆయన టెస్టు సారథ్యాన్ని నాయుడుకు విడిచిపెట్టారు. సామాన్యుని నాయకత్వం కొందరు ఆటగాళ్లకు రుచించలేదు. జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టులో చేతికి గాయమైనా నాయుడు 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో జట్టుకు అదే అత్యధికం. భారత్ 158 పరుగుల తేడాతో ఓడినా, ఆ పర్యటన నాయుడుకు 1933లో విజ్డెన్ గౌరవాన్ని తెచ్చిపెట్టింది.

1936 పర్యటనకు సారథ్యం విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజుకు దక్కింది. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. జట్టు వర్గాలుగా చీలింది. అల్పాహార వేళ నాయుడును అవమానించిన ఆటగాడికి టెస్టులో చోటు దక్కిందని నేటికీ చెప్పుకుంటారు. ఓవల్‌లో అలెన్ విసిరిన బంతి గుండెలపై బలంగా తాకినా నాయుడు క్రీజు వీడక 81 పరుగులు సాధించారు. అదే ఆయన చివరి టెస్టు. మొత్తం ఆడినవి ఏడు టెస్టులే, చేసినవి 350 పరుగులు. ఈ అంకెలతో ఆయనను కొలిచేవారు ఆ కాలాన్ని మరచినవారే.

టెస్టులు ముగిసినా ఆట ముగియలేదు. హోల్కర్ జట్టుకు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ అందించారు. 50 ఏళ్లు దాటాక బరోడాపై 200 పరుగులు చేశారు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినప్పుడు 58 ఏళ్ల నాయుడే సారథిగా ముందు నిలిచారు. పూర్వికుల నేల రుణం ఆ విధంగా తీర్చుకున్నారనుకోవచ్చు. 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్‌పై 84 పరుగులు చేసి కుర్రకారును నివ్వెరపరిచారు.

పద్మభూషణ్ పురస్కారం అందుకున్న నాయుడు 1967 నవంబరు 14న ఇందోర్‌లో కన్నుమూశారు. సోదరుడు సి.ఎస్.నాయుడు 11 టెస్టులు ఆడగా, కుమార్తె చంద్ర నాయుడు క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. 1996లో తపాలా శాఖ కల్నల్ స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. బోర్డు ఏటా యువ క్రికెటర్లకు నిర్వహించే టోర్నీ, మేటి క్రీడాకారులకు ఇచ్చే జీవన సాఫల్య పురస్కారం ఆయన పేరుతోనే ఉన్నాయి.