చార్లెస్ డికెన్స్ – మడత కాగితం

పిల్లలూ, ఈసారి అమ్మమ్మతోనో నానమ్మతోనో ఫోన్లో మాట్లాడినప్పుడు, వాళ్ళ చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ ఎలా చదివేవాళ్ళో అడగండి. వారానికి ఒక్క భాగమే వచ్చేది. పత్రిక ఇంటికి రాగానే ఎవరు ముందు చదవాలా అని పోట్లాట! సీరియల్‌ని పుస్తకాల భాషలో ధారావాహిక అంటాం. అలాంటి ధారావాహికలు రాసి ఇంగ్లండు మొత్తాన్ని ఎదురుచూసేలా చేసిన రచయిత గురించి ఇప్పుడు చెప్తాను.

చార్లెస్ డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న పోర్ట్స్‌మత్ ఊళ్ళో పుట్టాడు. నాన్న జాన్, నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. మంచివాడే కానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఆ రోజుల్లో అక్కడ అప్పు తీర్చకపోతే జైల్లో పెట్టేవాళ్ళు. 1824లో ఆయన్ని లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో పెట్టారు. కొన్నాళ్ళకి అమ్మ, చిన్నపిల్లలు కూడా అక్కడికే చేరారు. చార్లెస్ మాత్రం బయటే. పన్నెండేళ్ళ పిల్లాడు! మీలో కొందరి వయసే. థేమ్స్ నది ఒడ్డున బూట్ పాలిష్ తయారుచేసే చోట పనికి కుదిరాడు. పాలిష్ సీసాలకి మూతగా కాగితం కట్టి, లేబుల్ అంటించాలి. రోజంతా అదే పని. వారానికి ఆరు షిల్లింగులు జీతం. ఆదివారం జైలుకెళ్ళి అమ్మానాన్నల్ని చూసి వచ్చేవాడు. నాన్న విడుదలయ్యాక కూడా వాడు ఆ పనిలోనే ఉండాలని అమ్మ అనుకుంది. నాన్న ఒప్పుకోక బడికి పంపాడు. అమ్మ అలా అనుకున్న సంగతి డికెన్స్ జీవితాంతం మర్చిపోలేదు.

పెద్దయ్యాక విలేకరిగా పార్లమెంటులో మాటల్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవాడు. 1836లో, 24 ఏళ్ళకి, "పిక్‌విక్ పేపర్స్" మొదలుపెట్టాడు. నెలకో భాగం, భాగానికి 32 పేజీలు, ధర ఒక షిల్లింగు. ముందుగా ప్లాన్ అంటూ పెద్దగా ఏమీ లేదు. అయినా జనం ఎగబడి కొన్నారు.

కానీ ఇక్కడో చిక్కుంది చూడండి. నవల అంతా రాసి ఒకేసారి అచ్చు వేస్తే, చివర్లో కథ మారినా వెనక్కెళ్ళి మొదటి పేజీలు దిద్దుకోవచ్చు. ధారావాహికలో అలా కుదరదు. పోయిన నెల భాగం అప్పటికే ఇంటింటా ఉంటుంది. ఒక్కో కథ ఏడాదిన్నర పైనే నడుస్తుంది, బోలెడంత మంది పాత్రలు. ఎవరు ఎక్కడున్నారో, ఏ రహస్యం ఎప్పుడు బయటపడాలో గుర్తుండేదెలా?

అందుకే 1846లో మొదలైన "డాంబీ అండ్ సన్" దగ్గర్నుంచి డికెన్స్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నెలనెలా వచ్చే ప్రతి భాగానికీ ఒక కాగితం. దాన్ని అడ్డంగా తిప్పి రెండు సగాలు చేసేవాడు. కుడి సగంలో ఆ నెల అధ్యాయాల పేర్లు, వాటిలో జరిగే సంగతులు. ఎడమ సగం నాకు చాలా ఇష్టం. అక్కడ తనని తానే ప్రశ్నలు వేసుకునేవాడు. ఫలానా పాత్ర ఈ నెల రావాలా? ఈ రహస్యం ఇప్పుడే చెప్పాలా? ఆలోచించుకున్నాక పక్కనే జవాబు రాసేవాడు: అవును, వద్దు, ఇంకా కాదు, వచ్చే భాగంలో చూద్దాం. అంతే! కంప్యూటర్ లేదు, రంగురంగుల స్టికర్లూ లేవు.

1849లో "డేవిడ్ కాపర్‌ఫీల్డ్" మొదలైంది. అందులో ఒక చిన్న పిల్లాడు గోదాములో సీసాలు కడుగుతాడు, లేబుళ్ళు అంటిస్తాడు. ఎవరి కథో మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ అప్పట్లో చదివినవాళ్ళకి తెలీదు. ఆ సంగతి ఆయన తన పిల్లలకి కూడా చెప్పుకోలేదు. ఆ భాగం ప్లాన్ కాగితంలో దీని గురించి వివరాలేమీ లేవు. ఇది తనకి బాగా తెలిసిన విషయమేనని చిన్న గుర్తు మాత్రం పెట్టుకున్నాడు.

అదే నవలలో మౌచర్ అనే చాలా పొట్టి ఆవిడ ఉంది. ఆమెని చెడ్డదానిగా చూపించాలన్నది ప్లాన్. ఒక భాగం అచ్చయి వెళ్ళింది. డికెన్స్ ఇంటి దగ్గర నిజంగానే అలాంటి ఆవిడ ఒకరు ఉండేవారు. అందులో తనని చూసుకుని, ఎంతో బాధపడి ఆయనకి ఉత్తరం రాశారు. వెళ్ళిపోయిన భాగాన్ని చెరపలేడు కదా! ఆయన క్షమాపణ చెప్పి, ముందు రాబోయే కథ మార్చేశాడు. తర్వాత మౌచర్ మంచి మనసున్న మనిషిగా కనిపిస్తుంది. ప్లాన్ ఉంది కాబట్టే, ఎక్కడ మలుపు తిప్పితే కథ చెడిపోదో ఆయనకి తెలిసిందని నాకనిపిస్తుంది.

1855లో ఇంకో నోట్‌బుక్ మొదలుపెట్టాడు. అందులో ఎప్పటికైనా పనికొస్తాయని మనుషుల పేర్లు జాబితాగా రాసి పెట్టుకున్నాడు. నచ్చిన పేరు దొరికేదాకా ఆయనకి పాత్ర మీద పట్టు దొరికేది కాదు.

1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఆయన ఎక్కిన రైలు వంతెన మీద పట్టాలు తప్పింది. పదిమంది చనిపోయారు. డికెన్స్ బయటపడి, టోపీలో నీళ్ళు తెచ్చి గాయపడ్డవాళ్ళకి ఇచ్చాడు. ఆ తర్వాత, గాల్లో వేలాడుతున్న పెట్టెలోకి మళ్ళీ ఎక్కాడు. ఎందుకంటారా? రాస్తున్న నవల కాగితాలు అందులో ఉండిపోయాయి!

సరిగ్గా ఐదేళ్ళకి, 1870 జూన్ 9న, ఆయన చనిపోయాడు. అప్పుడు రాస్తున్నది "ఎడ్విన్ డ్రూడ్ రహస్యం". మొత్తం 12 భాగాలు అనుకుంటే ఆరే అయ్యాయి. ఎడ్విన్ ఏమయ్యాడు? అతన్ని ఎవరైనా చంపారా? జనం ప్లాన్ కాగితాల్లో వెతికారు, జవాబు దొరకలేదు. ఆయన ప్లాన్ కాగితాలు చాలావరకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. డ్రూడ్ కథని తమకి తోచినట్టు పూర్తి చేసినవాళ్ళు అప్పట్నుంచీ వస్తూనే ఉన్నారు.