ఫెలిక్స్ వైన్‌గార్ట్‌నర్

పాశ్చాత్య దేశములందలి గొప్ప సంగీతసభలలో 70, 80 మంది వాద్యకారులు ఒక్కుమ్మడిగా వాయింతురు. వారి యెదుట చిన్న బెత్తము చేతబూని యొకడు నిలిచియుండును. అతడు ఒక్క స్వరమైనను పలికింపడు. అయినను కృతి యే వేగమున నడువవలెనో, ఏ వాద్యము హెచ్చుగా, ఏది తగ్గుగా వినబడవలెనో నిర్ణయించువాడతడే. అట్టి సంచాలకులలో ఫెలిక్స్ వైన్‌గార్ట్‌నర్ ప్రసిద్ధుడు.

అతడు 1863వ సంవత్సరమున, ఆడ్రియాటిక్ సముద్రతీరమునందలి జారా పట్టణమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించుటచే గ్రాజ్ నగరమున పెరిగెను. లైప్‌జిగ్‌లో సంగీతము నభ్యసించి, పిమ్మట వైమార్ నగరమున లిస్ట్ అను మహావిద్వాంసుని యాదరమునకు పాత్రుడయ్యెను. అచ్చటనే 1884లో అతని మొదటి సంగీతనాటకము ప్రదర్శింపబడెను. దాని పేరు వినిన మనకు ముచ్చట కలుగును: అది 'శకుంతల'. కాళిదాసుని కథయే యా యువకునకు ఇతివృత్తమయ్యెను.

ఆ కాలమున హాన్స్ ఫాన్ బ్యూలో సంచాలకులలో అగ్రగణ్యుడు. హాంబర్గు నగరమున ఆయనతోడి కొలువులో నున్నప్పుడే వైన్‌గార్ట్‌నర్‌కు అభిప్రాయభేదములు పొడసూపెను. బ్యూలో తన యిచ్చ చొప్పున ఒకచోట లయను సాగదీయును, మరియొకచోట త్వరపెట్టును. ఆయన ప్రతిభ లేని యనుకర్తలు ఆ స్వేచ్ఛను మాత్రమే యనుకరింపసాగిరి. బ్యూలో 1894లో మరణించెను. మరుసటియేడే వైన్‌గార్ట్‌నర్ సంచాలనమును గూర్చి యొక చిన్న పుస్తకము ప్రకటించి, ఈ వాడుకను తీవ్రముగా ఖండించెను. శ్రోత కృతిని మరచి సంచాలకుని చేష్టలకు అబ్బురపడుట కీడని యతని వాదము. అంతటి పెద్దవాని పద్ధతిని తప్పుపట్టుట 32 ఏండ్ల వానికి సాహసమే గదా!

అయితే 1906లో అతడే బీథోవెన్ సింఫనీల ప్రదర్శనమును గూర్చి మరియొక గ్రంథము వ్రాసి, మూలమునందు కొన్ని మార్పులు సూచించెను. ఇది విరోధముగా తోపవచ్చును. కారణము వినుడు. బీథోవెన్ కాలపు కొమ్ముబూరలకు మీటలు లేవు. అవి కొన్ని స్వరములనే చక్కగా పలుకగలవు. అయిదవ సింఫనీ మొదటిభాగమున కొమ్ములు ఘనముగా మ్రోగించిన పిలుపు, తిరిగి వచ్చునపుడు వేరొక శ్రుతిలో నుండుటచే, బసూను అను చెక్కవాద్యమునకు అప్పగింపబడెను. దాని కంఠమునకు ఆ గాంభీర్యము లేదు. మీటల కొమ్ములు వచ్చిన పిమ్మట ఆ పిలుపును కొమ్ములకే యొసగవలెనని వైన్‌గార్ట్‌నర్ మతము. కర్త యూహ చెవికి స్పష్టముగా సోకనిచోటనే యతడు మార్పును సమ్మతించెను. ప్రతిదానికిని స్థలమును, కారణమును చూపెను; కనుక ఇతరులు దానిని పరీక్షించి త్రోసిపుచ్చుటకును వీలున్నది. 1918లో షూబర్ట్, షూమన్‌ల కృతులను గూర్చియు, 1923లో మొజార్ట్ కృతులను గూర్చియు తక్కిన సంపుటములు వెలువడెను.

తన మాటనే పట్టుకొని వ్రేలాడుట అతని స్వభావము గాదు. బ్రాంస్ సింఫనీలను మొదట కఠినముగా విమర్శించి, తరువాతి ముద్రణమున ఆ తీర్పును మార్చుకొనెను.

1908లో వియన్నా ఆస్థాన సంగీతనాటకశాలలో మాలర్ పీఠమును అధిష్ఠించెను. ఆ నగరపు ఫిల్‌హార్మోనిక్ బృందమును 1927 వరకు నడపెను. బీథోవెన్ తొమ్మిది సింఫనీలను గ్రామఫోను పలకలపై కెక్కించి కీర్తి గడించెను. 1942లో స్విట్జర్లండునందలి వింటర్‌థూర్‌లో మరణించెను. తానై రచించిన ఏడు సింఫనీలు నేడు అరుదుగా వినబడును. ఆ పిలుపు కొమ్ములదా, బసూనులదా యను ప్రశ్నను మాత్రము అయిదవ సింఫనీని చేపట్టు ప్రతి సంచాలకుడును నేటికిని తేల్చుకొనవలసియే యున్నది.