పట్టికకు పట్టం కట్టిన మేధావి – డాక్టర్ ఎడ్గార్ కాడ్

బ్యాంకులో మన ఖాతా చూడమంటే గుమాస్తా మీటలు నొక్కి క్షణంలో చెప్పేస్తాడు. రైలు టికెట్టూ అంతే, పరీక్షా ఫలితాలూ అంతే. ఈ సౌకర్యాలన్నిటి వెనకా ఉన్నది ఒక చిన్న ఊహ. లోకంలోని సమాచారాన్నంతా అడ్డవరుసలూ నిలువువరుసలూ గల సాదా పట్టికలుగా భావించవచ్చు ననేదే ఆ ఊహ. దానికి గణితశాస్త్రపు పునాది వేసిన మహనీయుడు డాక్టర్ ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్. కంప్యూటర్ సైన్సు చదివే మన మిత్రులు పరీక్షల కోసం ఆయన సూత్రాలు వల్లె వేస్తారు గాని, ఆ మనిషి ఎటువంటివాడో, ఎన్ని ఎదురుగాలులకు నిలబడ్డాడో తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించాడు. తండ్రిది తోళ్ల వ్యాపారం, తల్లి బడిపంతులమ్మ. ఏడుగురు సంతానంలో ఇతడే కడగొట్టువాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో గణితం, రసాయనశాస్త్రం చదువుతుండగా రెండో ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతోంది. విద్యార్థిగా యుద్ధసేవ నుంచి మినహాయింపు పొందే వీలున్నా, 1942లో తనంతట తానే వైమానిక దళంలో చేరి, తీరరక్షణ విభాగంలో సందర్లాండ్ విమానాలు నడిపాడు. యుద్ధం ముగిశాక చదువు పూర్తిచేసి 1948లో అమెరికా చేరాడు. మరుసటి ఏడు న్యూయార్కులో ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రామింగ్ గణితజ్ఞుడిగా కుదురుకున్నాడు. గదులకు గదులు ఆక్రమించే యంత్రాల కాలం అది.

ఆ ఉద్యోగంలో నిలకడగా ఉండిపోయి ఉంటే సుఖంగానే ఉండేవాడు. కాని ఆ రోజుల్లో సెనేటర్ మెకార్తీ అమెరికాలో కమ్యూనిస్టుల వేట పేరుతో ఎందరినో అనుమానపు బోనులో నిలబెడుతున్నాడు. ఆ ధోరణి కాడ్‌కు మింగుడు పడలేదు. 1953లో అమెరికా వదిలి కెనడాలోని అటావాకు వెళ్లిపోయాడు. నాలుగేళ్లు అక్కడ పనిచేసి, 1957లో తిరిగి ఐ.బి.ఎం.లోకి వచ్చాడు. నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పడానికి వెనుదీయని ఈ స్వభావమే ఆ తర్వాత ఆయనకు కీర్తినీ, చిక్కులనూ కూడా తెచ్చిపెట్టింది.

చదువు విషయంలో ఆయన మనకొక పాఠం. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, పేరున్న ఉద్యోగిగా ఉంటూ, మళ్లీ విద్యార్థిగా మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తన ప్రతిరూపాన్ని తానే సృష్టించుకోగల యంత్రం గురించి వాన్ నాయ్‌మన్ చేసిన పరిశోధనను ముందుకు తీసుకెళ్లాడు. వాన్ నాయ్‌మన్‌కు ఒక్కొక్క గడికి ఇరవైతొమ్మిది స్థితులు కావలసివస్తే, ఎనిమిదితోనే ఆ పని జరుగుతుందని నిరూపించి 1965లో డాక్టరేటు పొందాడు. చిక్కును తగ్గించి, ఉన్నవాటిలో తక్కువతో పని జరిపించడం ఆయన బుద్ధికి సహజగుణమని అప్పుడే తేలింది.

తర్వాత కాలిఫోర్నియాలోని శాన్‌హోసే పరిశోధనాలయానికి మారాడు. అక్కడే ఆయన దృష్టి డేటాబేస్‌ల మీద పడింది. ఆనాటి పరిస్థితి మన కాలేజీ ఉదాహరణతో చెప్పుకుందాం. ఒక కాలేజీలో కోర్సుల కింద విద్యార్థులు, విద్యార్థుల కింద మార్కులు – ఇలా చెట్టు కొమ్మల్లాగా సమాచారం దాచారనుకోండి. ఫలానా కోర్సులో ఎవరెవరున్నారంటే సులభంగానే దొరుకుతుంది. కాని, అరవై దాటి మార్కులు వచ్చిన వాళ్లు ఏయే కోర్సుల్లో ఉన్నారని అడిగితే, ప్రోగ్రామరు వేరు నుంచి కొమ్మకూ, కొమ్మ నుంచి రెమ్మకూ పాకుతూ పోవాలి. రేపు ఆ కొమ్మల అమరిక కాస్త మార్చారా, రాసిన ప్రోగ్రాములన్నీ తిరగరాయాల్సిందే! అపోలో చంద్రయాత్రల అవసరాల కోసం పుట్టిన ఐ.ఎం.ఎస్. అనే ఐ.బి.ఎం. పద్ధతి ఇలాంటిదే. చార్లెస్ బాక్‌మన్ మొదలైనవారి నెట్‌వర్క్ పద్ధతిలోనూ దారి వెదుక్కునే భారం ప్రోగ్రామరుదే.

కాడ్ ఈ చిక్కుముడిని గణితంతో విప్పాడు. సమాచారం యంత్రంలో ఎక్కడ, ఏ వరుసలో, ఏ దారిన దాగి ఉందో వాడుకరికి తెలియనక్కర్లేదన్నాడు. విద్యార్థులదొక పట్టిక, మార్కులదొక పట్టిక, రెంటిలోనూ రోల్ నంబరు ఉంటే చాలు. వాటిని కలిపేది ఆ నంబరే. ఏం కావాలో చెప్పడం మనిషి పని, ఎలా తేవాలో చూసుకోవడం యంత్రం పని. 1969లో సంస్థ లోపలి నివేదికగానూ, 1970 జూన్‌లో అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం వారి పత్రికలో వ్యాసంగానూ ఈ సిద్ధాంతం వెలువడింది. ఒకే సంగతిని పది చోట్ల రాసి తప్పులు కొనితెచ్చుకోకుండా పట్టికలను విడగొట్టే నార్మలైజేషన్ నియమాలను తరువాత రెండేళ్లలో విస్తరించాడు.

ఇంతటి ఆవిష్కారానికి సొంత ఇంట్లో హారతులు పట్టారా అంటే, లేదు. ఐ.ఎం.ఎస్. మీద సంస్థకు మంచి రాబడి వస్తోంది. దాని కాళ్లు తన చేతులతో తానే నరుక్కునే వ్యాపారి ఎవరుంటారు? ఇంత యంత్రశ్రమ అయ్యే పద్ధతి నిజజీవితంలో నత్తనడక నడుస్తుందని నిపుణులు పెదవి విరిచారు. కాడ్ మాత్రం ఊరుకోలేదు. వ్యాసం మీద వ్యాసం రాశాడు, సభల్లో వాదించాడు. 1974లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో, అంటే తాను డాక్టరేటు పొందిన ఊళ్లోనే, బాక్‌మన్‌తో ముఖాముఖి చర్చ జరిగింది. బాక్‌మన్ అంతకు ముందు సంవత్సరమే ట్యూరింగ్ బహుమతి పొందిన దిగ్గజం. పేజీలకొద్దీ సాగే ప్రోగ్రాములు రెండు మూడు పంక్తుల్లోకి కుదించుకుపోతాయని చూసిన యువకులు మెల్లమెల్లగా కాడ్ పక్షం చేరారు.

చివరికి ఐ.బి.ఎం. కూడా సిస్టమ్ ఆర్ పేరిట ప్రయోగం మొదలుపెట్టింది. డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు యువకులు రూపొందించిన భాషే ఇప్పుడు మనం ఎస్.క్యూ.ఎల్. అంటున్నది. పాపం, బాయిస్ 1974లోనే అకాల మరణం పాలయ్యాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ బృందం ఇంగ్రెస్‌ను నిర్మించింది. ప్రచురిత వ్యాసాలు చదివి లారీ ఎలిసన్ మిత్రబృందం 1979లో ఒరాకిల్‌ను బజారులోకి తెచ్చేసింది. సిద్ధాంతం పుట్టిన ఇల్లు ఎస్.క్యూ.ఎల్./డి.ఎస్.తో మేలుకొన్నది 1981లో, డి.బి.2తో ముందుకొచ్చింది 1983లో! 1981లోనే కాడ్‌కు ట్యూరింగ్ బహుమతి లభించింది.

విజయం వచ్చాక ఆయన తగవు తన పేరు చెప్పుకునేవారితోనే మొదలైంది. పాత సరుకుకే రిలేషనల్ అని చీటీ అంటించి అమ్ముతున్నారని మండిపడి, 1985లో పన్నెండు సూత్రాలు ప్రకటించాడు. సున్నా నుంచి లెక్కించడంతో అవి నిజానికి పదమూడు. ఎస్.క్యూ.ఎల్.లో ఒకే వరుస రెండుసార్లు రావచ్చుననడం గణితానికే విరుద్ధమని చివరిదాకా విమర్శించాడు.

ఆ సూత్రాల బలం మరో ఏడేళ్లకు ఇంకో రూపంలో కనబడింది. అప్పటికి ఒక్కో కంపెనీ డేటాబేస్‌ది ఒక్కో యాస. ఒకదానికి రాసిన ప్రోగ్రాము మరొకదానికి పనికిరాదు. ఎస్.క్యూ.ఎల్. యాక్సెస్ గ్రూప్ అనే కంపెనీల కూటమి చేసిన కృషి ఆధారంగా మైక్రోసాఫ్ట్ 1992లో ఓ.డి.బి.సి. అనే ఏర్పాటు తెచ్చింది. దీనికి మూలమైన పద్ధతి 1995లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఇందులో డ్రైవర్ అనేది ఒక దుబాసీ. ప్రోగ్రాము ఒకే భాషలో అడుగుతుంది. డ్రైవర్ మేనేజరు తగిన దుబాసీని పిలుస్తాడు. ఆ దుబాసీ అవతలి డేటాబేస్ యాసలో అడిగి జవాబు తెస్తాడు. అవతల ఉన్నది మామూలు టెక్స్ట్ ఫైలైనా, లెక్కల షీటైనా సరే, దుబాసీ దాన్ని పట్టికగానే చూపుతాడు. మీ దగ్గర ఏయే పట్టికలున్నాయని అడిగినా జవాబు పట్టికగానే వస్తుంది. ఓ.డి.బి.సి.ని కాడ్ తయారుచేయలేదు. కాని సమాచారమంతా పట్టికే, పట్టికల వివరం కూడా పట్టికే, సరుకు ఎక్కడున్నా వాడుకరికి తేడా తెలియకూడదు అన్న ఆయన సూత్రాలు లేకుంటే ఆ దుబాసీకి మాట్లాడటానికి భాషే ఉండేది కాదు.

అయితే ఒక్క మాట. ఫీజుల ఆఫీసు విద్యార్థిని హాల్‌టికెట్ నంబరుతోనూ, లైబ్రరీ కార్డు నంబరుతోనూ గుర్తిస్తుంటే ఎన్ని డ్రైవర్లు తగిలించినా రెండు పట్టికలూ కలవవు. తీగ కలిపినంత మాత్రాన అర్థం కలవదు. పట్టికకు తాళంచెవిలాంటి గుర్తు సరిగా ఎంచుకొమ్మని కాడ్ పోరింది ఇందుకే.

1984లో ఐ.బి.ఎం. నుంచి విరమించాక మిత్రుడు క్రిస్ డేట్‌తో కలిసి సలహా సంస్థ నడిపాడు. 1993లో రాసిన ఒక పత్రం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పోషణలో వెలువడిందన్న విమర్శనూ ఎదుర్కొన్నాడు. అమ్మకందార్లను నిలదీసిన మనిషికి అది మచ్చే. చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో, డెబ్బై తొమ్మిదో ఏట, గుండె జబ్బుతో కన్నుమూశాడు.

ఆయన సిద్ధాంతం మీద కోట్లకు పడగలెత్తినవారు వేరు. ఆయన గడించింది మాత్రం ఒక స్పష్టత. అధికారి ఒప్పుకోకపోయినా, బజారు నవ్వినా, సరైనదని నిరూపించగలిగిన మాటను పదిమందిలో మళ్లీ మళ్లీ చెప్పే ఓర్పు కాడ్‌కు ఉంది. నేటి విద్యార్థులం ఆయన సూత్రాలతో పాటు ఆ ఓర్పును కూడా కాస్త అలవరచుకుంటే, అదే ఆయనకు మనం అర్పించగల నివాళి.