మూత తీసిన చిన్న పెట్టె

పొట్టిగా కత్తిరించిన జుట్టు, పత్రిక పేరున్న టీ షర్టు, చేతిలో దినపత్రికల కట్ట. పారిస్‌లోని షాంజెలీజే వీధిలో పేపర్లు అమ్ముతూ నడిచే ఆ అమ్మాయిని 1960 నుంచి ఇప్పటిదాకా సినిమా లోకం మర్చిపోలేదు. గొదార్ తీసిన ఆ ఫ్రెంచి సినిమాకి ఇంగ్లీషులో పేరు 'బ్రెత్‌లెస్'. ఆ అమ్మాయి జీన్ సెబర్గ్.

ఆమెది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మార్షల్‌టౌన్ అనే చిన్న ఊరు. 1938లో పుట్టింది. తండ్రికి మందుల షాపు. 'సెయింట్ జోన్' సినిమాకి 18,000 మందిలోంచి ఏరి తీసుకునేనాటికి పదిహేడేళ్ల పిల్ల. సజీవదహనం సీను తీస్తుంటే నిజంగానే ఒళ్లు కాలింది, పాపం. ఇంతా చేస్తే, 1957లో విడుదలైన ఆ సినిమా ఫ్లాపయింది. నటనే రాదని విమర్శకులు తీసిపారేశారు.

అలాంటి అమ్మాయికి గొదార్ మంచి పాత్ర ఇచ్చాడు. పోలీసును చంపి పారిపోతున్న కార్ల దొంగని ప్రేమించి, చివరికి తానే పట్టిస్తుంది. కెమెరా చేత్తో పట్టుకుని వీధుల్లో తీసిన ఆ చిత్రం చూసి ఎన్నో దేశాల కుర్ర దర్శకులు తమ పద్ధతే మార్చుకున్నారు. ఆడపిల్లలేమో సెబర్గ్ క్రాపు కొట్టించుకున్నారు.

తెర బయట ఆమె నల్లజాతివారి హక్కుల కోసం పోరాడేవాళ్లకి డబ్బు సాయం చేసేది. అదే నేరమైపోయింది. 1970లో ఆమె కడుపుతో ఉండగా, ఆ బిడ్డ తండ్రి బ్లాక్ పాంథర్స్ నాయకుడని ఎఫ్.బి.ఐ. పుకారు పుట్టించింది. పత్రికలు అచ్చేశాయి. ఆగస్టులో నెలలు నిండకుండానే పాప పుట్టి, రెండు రోజులకే పోయింది. సెబర్గ్ పాపని పుట్టింటి ఊరికి తీసుకెళ్లి, శవపేటిక మూత తీసి ఉంచింది. బిడ్డ ఒంటి రంగు అందరూ చూసి పొమ్మని! ఏ రంగయితే ఎవరికేం? కానీ లోకం ఆ తల్లిచేత అంత పని చేయించింది.

పేరు పెట్టి రాసిన 'న్యూస్‌వీక్' మీద దావా వేసి గెలిచింది. మనసు మాత్రం కోలుకోలేదు. 1979 సెప్టెంబరు 8న పారిస్‌లో తన కారులోనే శవమై కనిపించింది. అప్పటికి నలభై ఏళ్లే. పుకారు తమ పనేనని ఎఫ్.బి.ఐ. ఒప్పుకున్నది ఆ నెలలోనే. వినడానికి ఆమె లేదు.

ఎవరి కడుపు గురించో, కాపురం గురించో విన్న మాటని ఇంకొకరి చెవిన వేసే ముందు, మూత తీసిన ఆ చిన్న పెట్టెని మనం ఒక్కసారి తలుచుకుంటే చాలు.