వైను బప్పు

మనాలి కల్లాట్ వైను బప్పు (ఆగస్టు 10, 1927 - ఆగస్టు 19, 1982) ప్రముఖ భారతీయ ఖగోళ శాస్త్రవేత్త. తోకచుక్కను కనుగొన్నవాడిగా, వేధశాలల నిర్మాతగా ప్రసిద్ధుడు.

బాల్యము, విద్య

బప్పు మద్రాసులో జన్మించాడు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. బప్పు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు.

తోకచుక్క

1949లో ఆకాశాన్ని ఛాయాచిత్రం తీస్తుండగా ఫలకంపై ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు వచ్చింది. ఇందుకు డోన్హో పతకం లభించింది.

వేధశాలలు

1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకుడయ్యాడు. తమిళనాడులోని కావలూరులో మరో వేధశాలను నెలకొల్పాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడు. 1982లో మ్యూనిక్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

గ్రహశకలాలు, తోకచుక్కలు భూమిని ఢీకొనే ముప్పును 1999 నుండి టొరినో కొలమానంపై 0 నుండి 10 వరకు అంకెలతో సూచిస్తున్నారు. ఢీకొనే అవకాశము, తాకిడి శక్తి ఇందుకు ఆధారాలు. కక్ష్య తెలియనిదే ఆ అంకె నిర్ణయించలేరు. పదేపదే పరిశీలించనిదే కక్ష్య తెలియదు. అటువంటి పరిశీలనకు బప్పు దేశంలో పునాది వేశాడు. ఆయన మరణానంతరం, 1988లో, కావలూరులోనే ఆర్. రాజమోహన్ 4130 రామానుజన్ అనే గ్రహశకలాన్ని కనుగొన్నాడు. 2596వ గ్రహశకలానికి బప్పు పేరే పెట్టారు.